ఒక అడవిలో ఎన్ని రకాల పుట్టగొడుగులు ఉన్నాయో ఎలా చెబుతారు?

రక్షిత అడవుల్లో పుట్టగొడుగుల సర్వే ఎక్కడ జరిగినా వార్తలకెక్కేది ఒక్క అంకె. ఈ అభయారణ్యంలో ఇన్ని వందల జాతులు దొరికాయని శీర్షిక వస్తుంది. కొన్నేళ్లకు అదే అడవిలో ఇంకో బృందం తిరిగి వేరే అంకె చెబుతుంది. పాత జాబితాలోని పేర్లు సగం కొత్త జాబితాలో ఉండవు. కొత్తగా చేరిన పేర్లు పాతదాంట్లో కనిపించవు. చదివేవాళ్లకు అనుమానం రావడం సహజం. ఆ జాతులు అంతరించాయా? మొదటి బృందం పొరపాటు పడిందా? అడవే మారిపోయిందా?

చాలాసార్లు ఈ మూడూ కావు. స్విట్జర్లాండ్‌లో లా షనేయాజ్ అనే చిన్న రక్షిత అడవిలో జరిగిన పరిశీలన చూస్తే సంగతి అర్థమవుతుంది. 1975 నుంచి 1999 మధ్య 21 ఏళ్ల పాటు, మొత్తం కలిపి 1,500 చదరపు మీటర్ల నేలను పరిశోధకులు సీజన్‌లో వారం వారం చూశారు. మొత్తం 408 జాతులు లెక్కకు వచ్చాయి. కానీ ఒక్కో ఏడాది కనిపించిన జాతులు 18 నుంచి 194 దాకా మారుతూ పోయాయి. ఏటా తప్పకుండా కనిపించినవి ఎనిమిదే. నేల అదే, పద్ధతి అదే. పుట్టగొడుగులు పైకి రావడం, రాకపోవడంలోనే అంత తేడా.

ఇది చల్లటి దేశపు సంగతి. సీజన్ పొడవుగా ఉండి, చెట్ల రకాలు ఎక్కువగా ఉండే ఉపోష్ణ మండల అడవిలో ఈ చిక్కు ఇంకా పెద్దది. అందుకే సర్వేలో వచ్చే అంకెను అడవి గురించిన నిజంగా కాకుండా, ఎవరు, ఎప్పుడు, ఎలా చూశారన్నదానితో కలిపి చదవాలి. ఆ అంకె ఎలా తయారవుతుందో మొదటి నుంచి చూద్దాం.

పైకి కనిపించేది కొంచెం, లోపల ఉండేది ఎక్కువ

చెట్టుకు కాయ ఎలాగో శిలీంధ్రానికి పుట్టగొడుగు అలాగ. అసలు శరీరం మట్టిలోనో, పుచ్చిన కొయ్యలోనో, రాలిన ఆకుల కిందో అల్లుకుని ఉండే సన్నటి పోగుల వల. దాన్ని మైసీలియం అంటారు. తేమ, వేడి, ఆహారం కుదిరినప్పుడు ఆ వల నుంచి పుట్టగొడుగు పైకి వస్తుంది. దాని పని సిద్ధబీజాలను గాలికి వదలడం. పని అయ్యాక కుళ్లిపోతుంది. కొన్ని రకాలు ఒక్క పూటలోనే కరిగిపోతే, మానుల మీద పెరిగే గట్టి బ్రాకెట్ రకాలు ఏళ్ల తరబడి ఉంటాయి.

కాబట్టి పుట్టగొడుగులను లెక్కపెట్టడం జీవులను లెక్కపెట్టడం కాదు. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని మలూర్ జాతీయ అడవిలో ఆర్మిలేరియా అనే శిలీంధ్రానికి చెందిన ఒకే జీవి దాదాపు 965 హెక్టార్లలో వ్యాపించి ఉందని తేలింది. దాని పుట్టగొడుగులు ఆ నేలంతా ఎక్కడ మొలిచినా అన్నీ ఒకే ప్రాణివి. ఇంకోవైపు, పక్కపక్కనే మొలిచిన రెండు ఒకేలాంటి పుట్టగొడుగులు రెండు వేర్వేరు జీవులవి కావచ్చు. కంటితో చూసి ఇది తేల్చలేం.

సర్వేల్లో లెక్కించేవాటిని స్థూల శిలీంధ్రాలు అంటారు. అంటే, కంటికి కనిపించేంత ఫలనాంగం (సిద్ధబీజాలు పుట్టే, పుట్టగొడుగులాంటి భాగం) ఉన్నవి. టోపీ కింద మొప్పలు ఉన్నవే కాదు, సన్నటి రంధ్రాలు ఉండే బొలీట్‌లు, బ్రాకెట్‌లు, పగడపు కొమ్మల్లా ఉండేవి, బంతుల్లా ఉండే పఫ్‌బాల్‌లు, జెల్లీ రకాలు, గిన్నె ఆకారంలో ఉండేవి కూడా ఇందులోకే వస్తాయి. అంకెల్లో మొదటి తేడా ఇక్కడే మొదలవుతుంది. పడిపోయిన దుంగ అడుగున పొరలా అంటుకుని ఉండే శిలీంధ్రాలను కొన్ని బృందాలు కలుపుతాయి, కొన్ని వదిలేస్తాయి. వాటిని గుర్తించడం కష్టం, నిపుణులు తక్కువ. కానీ కొయ్యను కుళ్లబెట్టే పనిలో వాటి వాటా చాలా పెద్దది. వాటిని వదిలేసిన సర్వేను, కలిపిన సర్వేతో పోల్చడానికి వీల్లేదు.

ఇంకో విభజన కూడా తెలిసుండాలి. కొన్ని శిలీంధ్రాలు చచ్చిన ఆకులను, కొయ్యను తిని బతుకుతాయి. కొన్ని బతికున్న చెట్టు మీదో పురుగు మీదో పరాన్నజీవులుగా ఉంటాయి. మూడో రకం చెట్టు వేళ్ల కొసలను తొడుగులా కప్పేసి, చెట్టుకు నీరు, ఖనిజాలు అందించి బదులుగా చక్కెరలు తీసుకుంటుంది. ఈ మూడో బంధాన్ని ఎక్టోమైకోరైజా అంటారు. అడవిలో ఏ చెట్టు కింద ఏ పుట్టగొడుగు వస్తుందన్నది చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంటుంది.

చెట్టు మారితే జాబితా మారుతుంది

ఉపోష్ణ మండలం అంటే స్థూలంగా కర్కట, మకర రేఖల పరిసరాల నుంచి ధ్రువాల వైపు సుమారు 35 డిగ్రీల అక్షాంశం వరకు ఉండే ప్రాంతం. దక్షిణ చైనా, హిమాలయాల దిగువ వాలులు, దక్షిణ బ్రెజిల్, ఆస్ట్రేలియా తూర్పు తీరంలో కొంత భాగం దీనిలోకి వస్తాయి. పుట్టగొడుగుల విషయంలో ఈ ప్రాంతం ఎందుకంత ఆసక్తికరమో చెప్పడానికి దక్షిణ చైనాలోని డింగ్‌హుషాన్ మంచి ఉదాహరణ. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో, కర్కట రేఖకు దగ్గరలో ఉంది. 1956లో చైనా ఏర్పాటు చేసిన మొదటి ప్రకృతి రక్షిత ప్రాంతం ఇదే. విస్తీర్ణం సుమారు 1,150 హెక్టార్లు. ఏడాదికి సుమారు 1,900 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం ఏప్రిల్ నుంచి సెప్టెంబరు లోపే.

ఆ చిన్న జాగాలోనే మూడు రకాల అడవి ఉంది: మాసన్ పైన్ చెట్ల అడవి, పైన్‌లూ వెడల్పాటి ఆకుల చెట్లూ కలిసిన అడవి, శతాబ్దాలుగా నిలిచిన సతతహరిత అడవి. పైన్ చెట్లకూ, ఓక్ కుటుంబానికి చెందిన కాస్టనాప్సిస్ చెట్లకూ ఎక్టోమైకోరైజా శిలీంధ్రాలతో స్నేహం. రుస్సులా, లాక్టేరియస్, అమానిటా అనే పుట్టగొడుగులు, బొలీట్‌లు అన్నీ వీటి కిందే మొలుస్తాయి. అదే అడవిలో పెరిగే షీమా చెట్లు, లారెల్ కుటుంబపు చెట్లు వేరే రకం శిలీంధ్రాలతో జత కడతాయి. ఆర్బస్కులర్ అనే ఆ శిలీంధ్రాలు వేరు కణాల లోపలికే వెళ్లి పనిచేస్తాయి, పుట్టగొడుగులు పుట్టించవు. అందుకే షీమా చెట్ల కింద రుస్సులాలు కనిపించకపోతే అది అడవి పాడైందనడానికి గుర్తు కాదు, ఆ చెట్టు స్వభావం అంతే. ఇరవై అడుగులు నడిచి కాస్టనాప్సిస్ కిందికి వస్తే కథ వేరే. సర్వేలో కొలిచిన చోట్లలో ఎన్ని ఏ చెట్ల కింద ఉన్నాయో రాయకపోతే, ఆ అంకెతో ఏమీ చెప్పలేం.

2014లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ అధ్యయనం ప్రపంచవ్యాప్తంగా 365 చోట్ల మట్టి తీసి అందులోని శిలీంధ్రాల డీఎన్‌ఏ చదివింది. మొత్తం శిలీంధ్రాల వైవిధ్యం భూమధ్యరేఖ వైపు పెరుగుతుందనీ, ఎక్టోమైకోరైజా రకాల వైవిధ్యం మాత్రం దూరంగా, సమశీతోష్ణ ప్రాంతాల వైపు ఎక్కువనీ తేలింది. ఉపోష్ణ మండల అడవులు ఈ రెండు ధోరణులకూ మధ్యలో ఉన్నాయి. వేడి అడవుల్లోని కొయ్య కుళ్లబెట్టే రకాలు, చల్లటి అడవుల్లోని వేళ్ల స్నేహితులు ఒకే వాలు మీద కనిపించడానికి కారణం ఇదే.

చెదపురుగుల సంగతి కూడా మరిచిపోకూడదు. టెర్మిటోమైసెస్ అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) శిలీంధ్రాలను కొన్ని చెదపురుగులు తమ గూళ్లలో పెంచుకుంటాయి. ఆ గూటి నుంచే పుట్టగొడుగు పొడవైన వేరులాంటి కాడతో నేల చీల్చుకుని వస్తుంది. అవి చెద లేని చోట రావు. ఆసియా, ఆఫ్రికాల వేడి అడవుల్లో చెదగూళ్లు చూడని సర్వే అసంపూర్తే.

ఇక సీజన్. చల్లటి దేశాల్లో శరదృతువు కొద్ది వారాలే ముఖ్యం. ఇక్కడ అలా కాదు. 2001లో శాస్త్రవేత్తలు గ్వాంగ్‌జౌ నుంచి వర్ణించిన అమానిటా ఎక్సిటియాలిస్ అనే తెల్లటి, ప్రాణాంతకమైన పుట్టగొడుగు ఎక్కువగా వసంతంలో, మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో వస్తుంది. జూలై, ఆగస్టుల్లో మాత్రమే తిరిగిన బృందం జాబితాలో అది ఉండకపోవచ్చు. అలాంటి జాబితాను ఎవరైనా ఈ అడవిలో ప్రమాదకరమైనవి లేవని చదువుకుంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

వెతకడంలో మూడు దారులు

మొదటిది స్వేచ్ఛగా తిరగడం. అనుభవం ఉన్నవాళ్లు తడి లోయలు, పాత దుంగలు, చెదగూళ్లు ఎక్కడున్నాయో చూసుకుంటూ నడిచి, కనిపించినవి సేకరిస్తారు. తక్కువ రోజుల్లో ఎక్కువ జాతులు దొరికే పద్ధతి ఇది. కానీ ఆకర్షణీయమైనవి, పెద్దవి, రంగువి ముందు కంటబడతాయి. మట్టి రంగులో గోరంత ఉండే మైసీనాలు తప్పిపోతాయి. ఎంత వెతికారన్న కొలత కూడా ఉండదు కాబట్టి ఇంకో అడవితో పోల్చలేం.

రెండోది గీత వెంట వెళ్లడం. దీన్ని ట్రాన్సెక్ట్ అంటారు. ఉదాహరణకు కొండ అడుగు నుంచి పైదాకా 500 మీటర్ల గీత అనుకుని, దానికి అటూ ఇటూ రెండేసి మీటర్లు మాత్రమే చూస్తారు. చూసిన నేల 2,000 చదరపు మీటర్లు అని కచ్చితంగా తెలుస్తుంది. ఎత్తు మారేకొద్దీ జాతులు ఎలా మారుతున్నాయో చూపించడానికి ఇది బాగా సరిపోతుంది.

మూడోది స్థిరమైన ప్లాట్‌లు. నేల మీద గుర్తులు పాతి, అదే చోటుకు మళ్లీ మళ్లీ వెళ్తారు. పని నిదానం, జాబితా చిన్నది, వార్తకు పనికొచ్చే అంకె త్వరగా రాదు. అయినా కాలంతో పాటు వచ్చే మార్పును చెప్పగలిగేది ఇదొక్కటే. లా షనేయాజ్‌లో చేసింది ఇదే. నన్నడిగితే, రక్షిత అడవికి నిజంగా అవసరమైనది ఈ మూడోదే. ఒక్కసారి చేసిన పెద్ద సర్వే కన్నా, చిన్న ప్లాట్‌లలో ఏళ్ల తరబడి సాగే పరిశీలన ఎక్కువ చెబుతుంది. స్వేచ్ఛగా తిరిగే పద్ధతిని సమర్థించేవాళ్ల మాటలోనూ బలం ఉంది. అరుదైన జాతులు ప్లాట్ లోపలే మొలవాలని నియమం లేదు, ఇంకా ఎవరూ చూడని అడవిలో ముందు ఏముందో తెలియాలి కదా అంటారు. అందుకే చాలా సర్వేలు రెండూ కలిపి చేసి, రెండు జాబితాలనూ విడివిడిగా ఉంచుతాయి. అలా విడిగా ఉంచడమే ముఖ్యం.

ఎన్ని రోజులకోసారి వెళ్లాలన్నది కూడా చిన్న విషయం కాదు. వేడి, తేమ, పురుగులు, నత్తలు కలిసి మెత్తటి పుట్టగొడుగును ఒకటి రెండు రోజుల్లో ఆనవాలు లేకుండా చేస్తాయి. నెలకోసారి వెళ్లినవాళ్లకు గట్టి బ్రాకెట్‌లు ఎక్కువగా, మెత్తటివి తక్కువగా కనిపిస్తాయి. చివరికి ఆ అడవిలో బ్రాకెట్‌లే ఎక్కువని రిపోర్ట్ వస్తుంది.

దొరికినదానికి పేరు రావడం

ఫోటో ఒక్కటి చూసి జాతి పేరు చెప్పేయడం చాలా ప్రజాతుల్లో సాధ్యం కాదు. కోయక ముందు టోపీ, మొప్పలు, కాడ అడుగు భాగం, చుట్టూ ఉన్న చెట్లు అన్నీ ఫోటో తీస్తారు. కాడను తుంచకుండా మట్టిలోంచి మొత్తం తవ్వి తీస్తారు, ఎందుకంటే అమానిటాల అడుగున ఉండే సంచిలాంటి తొడుగు మట్టిలో ఉండిపోతే గుర్తింపే తారుమారవుతుంది. వాసన, కోస్తే రంగు మారే తీరు అప్పుడే రాసుకుంటారు. ఎండిపోయాక అవి ఉండవు. టోపీని కాగితం మీద బోర్లించి రాత్రంతా ఉంచితే సిద్ధబీజాలు రాలి ముద్ర పడుతుంది. పైకి తెల్లగా కనిపించే క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ ముద్ర ఆకుపచ్చగా పడుతుంది, దాంతో ఆ విషజాతిని పోలినవాటి నుంచి విడదీయొచ్చు.

తర్వాత నమూనాను సుమారు 40 డిగ్రీల వేడి గాలిలో ఆరబెడతారు. ఎండిన నమూనాకు ఒక నంబరిచ్చి సంగ్రహాలయంలో దాస్తారు. ఇలాంటి సంగ్రహాన్ని ఫంగేరియం అంటారు. లండన్ క్యూ ఉద్యానంలోని ఫంగేరియంలో 12.5 లక్షలకు పైగా నమూనాలున్నాయి. రేపు ఎవరికైనా పేరు మీద అనుమానం వస్తే తిరిగి చూడటానికి మిగిలేది ఆ నమూనాయే. నమూనా దాచని జాబితాను తర్వాత ఎవరూ సరిచూడలేరు, అది శాశ్వతంగా నమ్మకం మీదే నిలబడాలి.

చివరికి మైక్రోస్కోప్, డీఎన్‌ఏ. రుస్సులా సిద్ధబీజాల మీది బుడిపెలు అయోడిన్ ఉన్న ద్రావణంలో నలుపు కలిసిన నీలంగా మారతాయి. వాటి ఎత్తు, అమరిక చూసి జాతులను విడదీస్తారు. డీఎన్‌ఏలో ఐటీఎస్ అనే భాగాన్ని 2012లో శిలీంధ్రాలకు ఉమ్మడి బార్‌కోడ్‌గా, అంటే జాతిని గుర్తుపట్టే ఆనవాలుగా ఎంచుకున్నారు. ఆ భాగాన్ని చదివి, పెద్ద డేటాబేస్‌లలో ఉన్నవాటితో పోల్చి చూస్తారు.

ఈ పోలికలు మొదలయ్యాక ఒక పాత సమస్య బయటపడింది. ఆసియా అడవుల్లో దొరికినవాటికి చాలాకాలం యూరప్ పుస్తకాల్లోని పేర్లే పెట్టేవాళ్లు. చైనాలో లింగ్‌జీగా పేరున్న గానోడెర్మాను యూరప్‌లో వర్ణించిన గానోడెర్మా లూసిడమ్ అనే పిలిచేవాళ్లు. అది వేరే జాతి అని గుర్తించి 2012లో గానోడెర్మా లింగ్‌జీ అని పేరు పెట్టారు. 2014లో క్యూ శాస్త్రవేత్తలు బజారులో కొన్న చైనా పోర్చీని ఎండు పుట్టగొడుగుల ఒక ప్యాకెట్‌లోని ముక్కల డీఎన్‌ఏ చదివితే, అంతవరకు శాస్త్రంలో పేరే లేని మూడు జాతులు దొరికాయి.

అంటే, పాత జాబితాలోంచి ఒక పేరు పోయి కొత్త జాబితాలో ఇంకోటి వచ్చినప్పుడు అడవిలో ఏమీ మారకపోయి ఉండొచ్చు. మారింది పేరే. ఒకే పేరు కింద ఉన్న మూడు జాతులు విడిపోతే అంకె పెరుగుతుంది. రెండు పేర్లు ఒకే జాతివని తేలితే తగ్గుతుంది.

చాలా జాబితాల్లో పేరు పక్కన తినదగినది, ఔషధం అని గుర్తులు కూడా ఉంటాయి. పాత పుస్తకం ఒక యూరప్ జాతి గురించి చెప్పిన మాటను ఇక్కడి వేరే జాతికి అంటగట్టే ప్రమాదం వాటిలో ఉంది. వైవిధ్యాన్ని కొలవడానికి చేసిన జాబితా తిండికి భరోసా కాదు.

120 చూశారు, చూడనివి ఎన్ని?

ఏ సర్వేలోనూ అన్నీ దొరకవు. ఎన్ని మిగిలిపోయాయో అంచనా వేయడానికి తైవాన్ గణాంక శాస్త్రవేత్త ఆన్ చావో 1984లో ఇచ్చిన సూత్రం బాగా వాడుకలో ఉంది. దాని వెనుక ఆలోచన సులువు. ఒక్కసారే కనిపించిన జాతులు ఎక్కువగా ఉంటే, అసలు కనిపించనివి ఇంకా చాలా ఉన్నట్టు. దాదాపు అన్నీ రెండు మూడుసార్లు కనిపించి ఉంటే, మిగిలినవి కొంచెమే.

ఊహాత్మక లెక్క చేద్దాం. ఒక సీజన్‌లో 120 జాతులు దొరికాయి. వాటిలో 54 ఒక్కసారే, 18 రెండుసార్లు కనిపించాయి. 54ను 54తో గుణిస్తే 2,916. దాన్ని 18కి రెట్టింపైన 36తో భాగిస్తే 81. కాబట్టి అంచనా 120 కి 81 కలిపితే 201. అదే సీజన్‌లో ఇంకా ఎక్కువగా తిరిగారనుకుందాం. జాతులు 165 అయ్యాయి, ఒక్కసారి కనిపించినవి 40, రెండుసార్లవి 25. ఇప్పుడు 1,600ను 50తో భాగిస్తే 32, మొత్తం 197. శ్రమ పెరిగినా అంచనా 200 దగ్గరే నిలిచింది. సర్వే పూర్తికావస్తోందని బృందం సంతోషించవచ్చు.

మరుసటి ఏడాది వాన ముందే వచ్చింది. వసంతంలో కూడా వెళ్లారు. జాతులు 210కి చేరాయి, ఒక్కసారివి 70, రెండుసార్లవి 35. 4,900ను 70తో భాగిస్తే 70, మొత్తం 280. ముందరి అంచనా తప్పు కాదు. అది ఆ ఏడాది, ఆ సీజన్‌లో పైకి రాగల జాతుల గురించే చెప్పింది. పైగా ఈ సూత్రం ఇచ్చేది కనీసం ఇన్ని అనే అంచనా, ఇంతే అని కాదు. రిపోర్ట్‌లలో ఈ మాట తరచూ జారిపోతుంది.

మొదట వచ్చిన ప్రశ్నకు కూడా ఇలాంటి లెక్కతోనే జవాబు చెప్పొచ్చు. ఒక అడవిలో సరిగ్గా 300 జాతులున్నాయనీ, ఏ సర్వేలోనైనా వాటిలో సగం మాత్రమే యాదృచ్ఛికంగా కంటబడతాయనీ అనుకుందాం. మొదటి సర్వేలో 150 దొరుకుతాయి. రెండోసారి ఆ 150లో సగం, అంటే సుమారు 75 మళ్లీ కనిపిస్తాయి, ఇంకో 75 కొత్తవి చేరతాయి. పాత పేర్లు సగం మాయమైనట్టు కనిపిస్తుంది. అడవిలోంచి పోయింది ఒక్కటీ లేదు.

రెండు అడవులను పోల్చేటప్పుడు శ్రమను సమం చేయాలి. ఒకచోట 900 నమూనాల్లో 210 జాతులు, ఇంకోచోట 300 నమూనాల్లో 130 జాతులు దొరికితే, మొదటిదే గొప్పదని చెప్పలేం. మొదటి అడవి నమూనాల్లోంచి కంప్యూటర్‌తో 300 చొప్పున యాదృచ్ఛికంగా వందలసార్లు తీసి సగటు చూస్తారు. ఆ సగటు 128 వస్తే రెండు అడవులూ దాదాపు సమానమే.

మట్టి డీఎన్‌ఏ వచ్చాక పుట్టగొడుగుల కోసం తిరగడం అవసరమా?

చెంచాడు మట్టి తీసి అందులోని డీఎన్‌ఏ చదివితే వందల శిలీంధ్రాల ఆనవాళ్లు దొరుకుతాయి. సీజన్ కోసం ఆగక్కర్లేదు, మొలవనివి కూడా తెలుస్తాయి. అలాంటప్పుడు వానలో జలగల మధ్య తిరగడం ఎందుకని అడిగేవాళ్లున్నారు. వాళ్ల వాదనకు మంచి ఆధారముంది. కాలిఫోర్నియాలోని ఒక పైన్ అడవిలో చేసి 1996లో ప్రచురించిన అధ్యయనంలో నేల మీద ఎక్కువగా కనిపించింది స్యూలస్ పంజెన్స్. వేళ్ల కొసలను పరీక్షిస్తే దాని వాటా చాలా తక్కువ. వేళ్ల మీద ఎక్కువగా ఉన్న రుస్సులా అమీనోలెన్స్, టొమెంటెల్లా రకాలు పైన పెద్దగా కనిపించలేదు. పుట్టగొడుగులను మాత్రమే చూసినవాళ్లకు నేల కింద ఎవరి ఆధిపత్యం ఉందో తెలిసేది కాదు.

అటువైపు వాదన కూడా అంతే గట్టిది. మట్టి నమూనాలో దుంగల మీద బతికేవి సరిగ్గా దొరకవు. గాలికి కొట్టుకొచ్చిన సిద్ధబీజాల డీఎన్‌ఏ కూడా ఆ అడవిదిగా లెక్కకు రావచ్చు. చదివిన డీఎన్‌ఏ అక్షరాల వరుసలను జాతుల్లాంటి గుంపులుగా విడగొట్టడానికి 97 శాతం పోలికను హద్దుగా ఎక్కువగా వాడతారు. కానీ ఆ హద్దు కొన్ని ప్రజాతుల్లో రెండు జాతులను ఒకటి చేస్తుంది, ఇంకొన్నిట్లో ఒకే జాతిని రెండు చేస్తుంది. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది, వచ్చిన వరుసల్లో చాలావాటికి పేర్లు లేకపోవడం. పోల్చడానికి డేటాబేస్‌లో పేరున్న నమూనా ఉండాలి, ఆ నమూనా రావాలంటే ఎవరో ఒకరు అడవికి వెళ్లి పుట్టగొడుగును తేవాలి.

డీఎన్‌ఏ వరుస ఒక్కటే ఆధారంగా కొత్త జాతికి పేరు పెట్టనివ్వాలని కొందరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. 2018లో ప్యూర్టోరికోలోని సాన్ హువాన్‌లో జరిగిన అంతర్జాతీయ శిలీంధ్ర శాస్త్ర సమావేశం దాన్ని ఒప్పుకోలేదు. శిలీంధ్రాల్లో అత్యధిక భాగం ఎప్పటికీ చేతికి దొరకకపోవచ్చు, వాటిని పేర్లు లేకుండా వదిలేయాలా అన్నది సమర్థించేవాళ్ల ప్రశ్న. వరుసలో యంత్రం చేసిన తప్పు ఉంటే సరిచూసుకోవడానికి ఏమీ మిగలదన్నది వ్యతిరేకించినవాళ్ల భయం. చర్చ ఇంకా ముగియలేదు. ఉపోష్ణ మండల అడవుల వరకు నాకు రెండోవాళ్ల మాటే సరైనదనిపిస్తుంది. పోల్చడానికి కావాల్సిన నమూనాలే ఇక్కడ ఇంకా తక్కువ. ముందు అవి కూడబెట్టాలి.

సర్వే కోసం కోస్తే అడవికి నష్టమా?

రక్షిత ప్రాంతంలో ఆకు తెంపాలన్నా అనుమతి కావాల్సినప్పుడు వందల పుట్టగొడుగులు కోసుకుపోవడం న్యాయమేనా అని అడవి సిబ్బందే అడుగుతారు. లా షనేయాజ్ పరిశోధకులు దీన్ని కూడా పరీక్షించారు. 29 ఏళ్ల లెక్కలు తీస్తే, కోసినా పీకినా తర్వాతి ఏళ్లలో పుట్టగొడుగుల సంఖ్య గానీ జాతుల సంఖ్య గానీ తగ్గలేదు. నేలను కాళ్లతో తొక్కడం వల్ల మాత్రం మొలిచేవి తగ్గాయి, అయితే మట్టిలోని మైసీలియం దెబ్బతిన్నట్టు ఆధారం దొరకలేదు.

ఇది స్విస్ అడవుల ఫలితం. చెదగూళ్ల మీదో, కుళ్లిన దుంగల మీదో బతికే జాతులకు దీన్ని యథాతథంగా అన్వయించడం తొందరపాటు. దుంగను తిరగేసి, బద్దలు కొట్టి వెతికితే అక్కడ పోయేది పుట్టగొడుగు కాదు, శిలీంధ్రపు ఇల్లు. అందుకే జాగ్రత్తపడే బృందాలు ఒక్కో జాతికి కొన్ని ఫలనాంగాలే తీస్తాయి, తిరగేసిన దుంగను మళ్లీ ఉన్నట్టే పెడతాయి. అసలు పెద్ద నష్టం ఇంకోచోట ఉంది. పడిపోయిన మానులను శుభ్రత పేరుతో తీసేసిన అడవిలో కొయ్య మీద బతికే జాతులకు చోటుండదు. పాత రక్షిత అడవుల విలువ చాలావరకు అలా పడి ఉన్న మానుల్లోనే ఉంది.

అరుదైనదని ఎప్పుడు చెప్పగలం?

క్యూ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఇంతవరకు పేరు పెట్టిన శిలీంధ్రాలు సుమారు 1,55,000. మొత్తం 25 లక్షలుండొచ్చని అంచనా. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం, అంటే ఐయూసీఎన్, జాతులకున్న ముప్పును నమోదు చేసే తన రెడ్ లిస్ట్ కోసం 2025 మార్చి నాటికి పరిశీలించినవి 1,300 మాత్రమే. వాటిలో 411 ముప్పులో ఉన్నాయి. చాలా దేశాల చట్టాల్లో జంతువులు, మొక్కలు అనే రెండు మాటలే ఉంటాయి. చిలీ 2010లో పర్యావరణ చట్టంలో శిలీంధ్రాలను కూడా చేర్చింది. అలాంటి దేశాలు చాలా కొద్ది.

రెడ్ లిస్ట్ నియమాల్లో ఒకటి పరిణత జీవుల సంఖ్య చూస్తుంది. 50 కన్నా తక్కువుంటే తీవ్ర ముప్పు, 250 కన్నా తక్కువైతే ముప్పు, 1,000 కన్నా తక్కువైతే దుర్బలం. ఏనుగుకైతే సరే, మట్టిలో వలలా ఉండే జీవిని ఎలా లెక్కపెట్టడం? సర్వేలో దొరికిన చోట్ల సంఖ్యను, కంటబడని చోట్లకు ఒక గుణకంతో, ఒక్కో చోటులో ఎన్ని జీవులుంటాయన్న అంచనాతో హెచ్చిస్తారు.

ఊహాత్మకంగా ఒక బొలీట్ ఆరు చోట్ల దొరికిందనుకుందాం. ఒక్కో చోటులో రెండు జీవులని లెక్క. అడవిని బాగా గాలించాం, కనిపించిన ఒక్కో చోటుకు మొత్తం పది చోట్లుంటాయి అనుకుంటే, ఆరును పదితో, తర్వాత రెండుతో హెచ్చిస్తే 120. ఆ జాతి ముప్పు వర్గంలోకి వెళ్తుంది. సరిగా వెతకలేదు, ఒక్కో చోటుకు యాభై ఉంటాయి అనుకుంటే 600. అది దుర్బలం అవుతుంది. అదే పుట్టగొడుగు, అవే ఆరు చోట్లు. గుణకం పది కావాలా యాభై కావాలా అన్నది, ఆ జాతి మొలిచే చెట్ల కింద, మొలిచే నెలల్లో, ఎన్నిసార్లు వెళ్లి ఏమీ దొరక్క తిరిగి వచ్చారో ఆ లెక్క చూసి తేల్చాలి. ఆ ఖాళీ రోజుల నమోదు చాలా సర్వే రిపోర్ట్‌లలో ఉండదు. దొరికినవాటి పేర్లే అచ్చవుతాయి.